దుమ్ము దారుల్లో తిరిగే బండికి కంపెనీ ఎయిర్ ఫిల్టరా, బయట దొరికే కాటన్ ఫిల్టరా?

పల్నాడు_350 రాశారు:

అందరికీ నమస్కారం. మాది నరసరావుపేట. ఉద్యోగం పిడుగురాళ్ల అవతల. అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు మీద రోజూ పోనూ రానూ 90 కిలోమీటర్ల దాకా తిరుగుతాను. ఆ దారి తెలిసినవారికి నేను చెప్పనక్కర్లేదు. సిమెంటు లారీలు, సున్నపురాయి టిప్పర్లు, పిడుగురాళ్ల దగ్గర పడేసరికి సున్నపు బట్టీల పొడి. సాయంత్రం ఇంటికి చేరి పెట్రోలు ట్యాంకు మీద వేలితో పేరు రాయవచ్చు, అంత పేరుకుంటుంది.

బండి 2021 నాటి రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350. 34,000 కిలోమీటర్లు తిరిగింది. ప్రతి సర్వీసులో ఎయిర్ ఫిల్టర్ పాడైందని చెప్పి కొత్తది వేస్తున్నారు. నాలుగైదు వందలే, కానీ ఏడాదికి మూడుసార్లు. ఇది చూసిన మిత్రుడు ఒకాయన, ఇక కాగితం ఫిల్టర్లు మానేసి కడిగి వాడుకునే కాటన్ ఫిల్టర్ వేయించమంటున్నాడు. ఐదు వేలకు దగ్గర పడుతుందట. ఒకసారి కొంటే బండి ఉన్నంత కాలం ఉంటుందని, పికప్ కూడా పెరుగుతుందని ఆయన మాట. సర్వీసు చేసే అబ్బాయి మాత్రం వద్దంటున్నాడు, ఎందుకు వద్దో చెప్పలేకపోతున్నాడు.

నాకు పికప్ పెద్దగా అక్కర్లేదు. ఈ బండిని ఇంకో పదేళ్లు నడపాలి. ఏది వేయించమంటారు?

దూరప్రయాణం_విశాఖ రాశారు:

మీ మిత్రుడు చెప్పింది నిజం. నా బండిలో మూడేళ్లుగా కాటన్ ఫిల్టర్ ఉంది. అరకు, లంబసింగి, సీలేరు ఘాట్లన్నీ దానితోనే తిరిగాను. మూడో గేరులో ఎక్కే చోట బండి ఇంకా తేలికగా లాగుతుంది. శబ్దం కూడా గంభీరంగా మారింది. ఏడాదికి రెండుసార్లు ద్రావణంతో కడగడం, నీడన ఆరబెట్టడం, ఎర్రటి నూనె పట్టించడం, అంతే. మీరు ఏడాదికి మూడు కాగితం ఫిల్టర్లు చెత్తబుట్టలో వేస్తున్నారు. నేను ఒక్కటీ వేయలేదు.

ఇంకో మాట. ఈ కాటన్ ఫిల్టర్లు కార్ల కోసం ఏసీ గదుల్లో పుట్టినవి కావు. ఇలాంటి ఫిల్టర్లు చేసే కె అండ్ ఎన్ అనే సంస్థను 1969లో కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్‌లో మోటారు సైకిళ్ల మనుషులే మొదలుపెట్టారు. అక్కడి ఎడారి దుమ్ము కన్నా మన పల్నాడు దుమ్ము ఎక్కువా?

బోరింగ్_ఖమ్మం రాశారు:

ఇరవై రెండేళ్లుగా లేతు మీద సిలిండర్లకు బోరు చేస్తున్నాను. నాకు ఇంగ్లీషు పుస్తకాలు చదివే ఓపిక లేదు, చేతిలోకి వచ్చిన ఇంజన్ చెప్పేదే నాకు పుస్తకం.

దుమ్ము తిన్న ఇంజన్‌ను విప్పగానే గుర్తుపట్టవచ్చు. మంచి లైనరులో, అంటే సిలిండర్ లోపలి గోడలో, హోనింగ్ (చివరి సాన) చేసినప్పటి అడ్డగీతలు వల అల్లినట్టు కనబడతాయి. ఆయిల్ ఆ గీతల్లోనే నిలిచి పిస్టన్ రింగులను కాపాడుతుంది. దుమ్ము తిన్న లైనరులో ఆ వల ఉండదు, అద్దంలా మెరుస్తూ నిలువుగా చారలు పడి ఉంటాయి. గోరు పెట్టి పక్కకు లాగితే టక్కున తగులుతుంది. రింగు తీసి సిలిండర్‌లో పెట్టి చూస్తే రెండు కొనల మధ్య సందు ఉండాల్సిన దానికి రెండింతలు, మూడింతలు. అప్పటికి ఇంజన్ ఆయిల్ తాగుతూ ఉంటుంది, పొగ వస్తూ ఉంటుంది.

ఈ ఏడాది 40,000 కూడా దాటకుండా బోరుకు వచ్చిన రెండు బండ్లలో కాటన్ ఫిల్టర్లు ఉన్నాయి. ఫిల్టర్ పెట్టె నుంచి ఇంజనుకు వెళ్లే రబ్బరు బూటు విప్పి, తెల్లగుడ్డ వేలికి చుట్టి లోపల తుడిచాను. గుడ్డ మీద గోధుమ రంగు జిడ్డు. బొటనవేలితో నలిపితే సన్నని ఇసుక కరకరలాడింది. ఫిల్టర్ దాటి లోపలికి వచ్చిన ఇసుక అది. కంపెనీ కాగితం ఉన్న బండ్లలో ఎక్కువగా ఆ గుడ్డ తెల్లగానే బయటికి వస్తుంది.

పల్నాడు అన్నా, మీ దారికి కాగితమే మంచిది.

దూరప్రయాణం_విశాఖ రాశారు:

పెద్దవారు, మీ అనుభవాన్ని కాదనను. కానీ ఆ రెండు బండ్ల యజమానులు ఫిల్టర్‌కు నూనె సరిగా పట్టించారా? కాటన్ ఫిల్టర్‌లో దుమ్మును పట్టుకునేది గుడ్డ ఒక్కటే కాదు, ఆ నూనె. చాలామంది పెట్రోలుతో కడిగి, పంపుతో గాలి కొట్టి, నూనె లేకుండానే బిగించేస్తారు. అప్పుడది ఫిల్టర్ కాదు, జల్లెడ. తప్పు వాడిన మనిషిది, వస్తువుది కాదు.

కాగితం వేసిన బండ్లు మీ దగ్గరికి బోరుకు రావడం లేదా? అది కూడా చెప్పండి.

బోరింగ్_ఖమ్మం రాశారు:

వస్తాయి. దాచను. సర్వీసు సెంటరులో గాలి గొట్టం దగ్గరగా పెట్టి కొట్టడం వల్ల కాగితానికి సూదిబెజ్జాలు పడినవి, నేలకేసి కొట్టి దులిపితే అంచు వంగినవి, పేరు కంపెనీది, సరుకు నకిలీది, ఇలాంటివి చూశాను. మంచి కాగితాన్ని దీపం ముందు పెడితే వెలుగు మసకగా, అంతటా ఒకేలా కనబడాలి. చుక్కల్లా మెరిస్తే పారేయాలి. నకిలీలో మడతలు తక్కువ, కాగితం పలుచన, చివర రబ్బరు గట్టిగా ప్లాస్టిక్‌లా ఉంటుంది.

కానీ మీరన్న నూనె సంగతే నా భయం. కాగితాన్ని మార్చడంలో తప్పు చేయడం కష్టం. కాటన్‌ను కడగడంలో తప్పు చేయడం చాలా సులువు. నూనె తక్కువైతే దుమ్ము పోతుంది, ఎక్కువైతే గాలి ఆడదు, కారి పెట్టె అడుగున చేరుతుంది. మా దగ్గరికి వచ్చేవారిలో పదిమందికి ఒకరు కూడా దాన్ని చెప్పినట్టు చేయరు.

గాలి_లెక్క రాశారు:

నేను వాహన విడిభాగాల పరీక్షలతో పరిచయం ఉన్న ఇంజనీరును, ఉండేది బెంగళూరులో. ఇక్కడ ఎవరూ లెక్క వేయలేదు కాబట్టి వేస్తాను. లెక్క వేశాక నిర్ణయం మీదే.

పెట్రోలు పూర్తిగా మండాలంటే తన బరువుకు సుమారు 14.7 రెట్లు బరువున్న గాలి కావాలి. లీటరు పెట్రోలు ముప్పావు కిలో లోపే తూగుతుంది. అంటే లీటరుకు సుమారు 11 కిలోల గాలి. మన వేసవి గాలిలో అది 9,000 లీటర్లకు పైనే. పల్నాడు గారి బండి రోజుకు రెండున్నర లీటర్లు తాగుతుందనుకుంటే, రోజుకు 20,000 లీటర్లకు మించిన గాలి ఆ ఫిల్టర్ గుండా పోతుంది. అంటే 20 ఘనపు మీటర్ల పైమాట.

ఇప్పుడు దుమ్ము. మన దేశంలో పీఎం10 అనే సన్నని ధూళికి 24 గంటల సగటు పరిమితి ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు. లారీ వెనక తోకలో అది ఎన్నో రెట్లు పెరుగుతుంది. లెక్క కోసం ఘనపు మీటరుకు 1 మిల్లీగ్రాము అనుకుందాం. రోజుకు 20 మిల్లీగ్రాములు, 300 రోజులకు 6 గ్రాములు. టీ చెంచాకు మించి రాదు. ఇదీ ఏడాదికి మీ ఫిల్టర్ ముందుకు వచ్చే దుమ్ము.

నూటికి 99 వంతులు ఆపే ఫిల్టర్ ఉంటే 60 మిల్లీగ్రాములు లోపలికి పోతాయి. 97 వంతులు ఆపేది ఉంటే 180 పోతాయి. అట్ట మీద 97, 99 పక్కపక్కనే ఉన్నట్టు కనబడతాయి, సిలిండరుకు మాత్రం అది మూడింతల దుమ్ము. ఎంత ఆపుతుంది అని కాకుండా ఎంత వదులుతుంది అని అడగండి, అప్పుడు తేడా కళ్లకు కడుతుంది.

ఎయిర్ ఫిల్టర్లను పరీక్షించడానికి ఐఎస్ఓ 5011 అనే ప్రమాణం ఉంది. అందులో వాడే పరీక్ష ధూళి ఎలా ఉండాలో ఐఎస్ఓ 12103-1 చెబుతుంది. ఏ ఫిల్టర్ అమ్మేవాడైనా, దేశీయుడైనా విదేశీయుడైనా, ఏ రకం ధూళితో, ఎంత శాతం ఆగిందో చెప్పమనండి. గాలి ఎంత ఎక్కువ వస్తుందో పెద్ద అక్షరాల్లో వేసి, దుమ్ము ఎంత ఆగుతుందో చెప్పని వస్తువును నేను కొనను.

దుమ్ములోనూ రకాలున్నాయి. సున్నపురాయి మెత్తన, రాళ్ల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా కొలిచే మోస్ లెక్కలో 3. ఇసుకలోని క్వార్ట్జ్ 7. గీతలు పెట్టేది రెండోదే. బట్టీ పొడి తెల్లగా కనబడి భయపెడుతుంది, కానీ ఇంజనును అరగదీసేది లారీ చక్రాలు రోడ్డు అంచు నుంచి లేపే మామూలు మట్టి. సున్నం చేసే చెడు వేరు. తేమ తగిలితే కాగితం మడతల్లో పేస్టులా గట్టిపడి గాలి ఆడనివ్వదు. అందుకే మీ ఫిల్టర్ తొందరగా పాడవుతోంది. ఏడాదికి మూడు మార్చడం మోసం కాకపోవచ్చు.

చీమకుర్తి_తిరుగుడు రాశారు:

మా ఊరు క్వారీల మధ్యలో ఉంది. రాతి పొడి సంగతి మాకు చెప్పనక్కర్లేదు. నేను నాలుగు వేల కిలోమీటర్లకు ఒకసారి కాగితం మారుస్తాను. పుస్తకంలో రాసిన దూరం మంచి రోడ్డుకు, మన ఊళ్లకు కాదు. 60,000 దాటింది, ఇంకా చుక్క ఆయిల్ తాగలేదు.

ఆర్ఎక్స్100_వరంగల్ రాశారు:

ఇక్కడ కంపెనీ అంటే కాగితం, బయటది అంటే నూనె అన్నట్టు మాట్లాడుతున్నారు. అది సరికాదు. 1996 దాకా మన దేశంలో తయారైన యమహా ఆర్ఎక్స్100కు కంపెనీ పెట్టిందే నూనె పట్టించిన ఫోమ్. మా నాన్నగారు నెలకోసారి ఆదివారం దాన్ని కిరోసిన్‌లో ముంచి, పిండి, ఆరాక ఇంజన్ ఆయిల్ చుక్కలు వేసి రెండు అరచేతుల మధ్య పెట్టి నొక్కేవారు. మెలిపెట్టి పిండితే చిరుగుతుందని నన్ను ముట్టుకోనిచ్చేవారు కాదు. ఫోమ్ అంతా ఒకే రంగు వచ్చేదాకా నొక్కాలి. పాలిపోయిన మచ్చ ఉందంటే అక్కడ నూనె లేనట్టే.

ఆ బండి ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. కాబట్టి నూనె ఫిల్టర్ ఇంజనును తినేస్తుందని ఒక్క మాటలో తేల్చేయకండి. ప్రపంచమంతా మట్టి రేసుల బండ్లకు ఎక్కువగా వాడేది నూనె ఫోమే.

గాలి_లెక్క రాశారు:

ఆర్ఎక్స్ గారు, మీ నాన్నగారు చేసిన పని ఎంత విలువైనదో చెప్పలేను. మీరన్నది నిజమే, ఫోమ్‌ను తక్కువ చేయకూడదు. దుమ్ము ఫోమ్ మందమంతా చొచ్చుకుపోయి లోపల చిక్కుకుంటుంది కాబట్టి ఎక్కువ దుమ్ము మోయగలదు. నేను మాట్లాడింది గాలి ఎక్కువ రావాలని పలుచగా అల్లిన గుడ్డ ఫిల్టర్ గురించి.

విశాఖ గారు ఎడారి మాట, మీరు రేసు బండి మాట తెచ్చారు కాబట్టి చెబుతున్నాను. మట్టి రేసు నడిపేవారు ప్రతి పోటీ తర్వాత ఫిల్టర్ మారుస్తారు. పిస్టన్‌ను గంటల లెక్కన మారుస్తారు. వారికి ఇంజన్ ఈ పోటీ గెలిస్తే చాలు. పల్నాడు గారికి ఇంజన్ పదేళ్లు కావాలి. ఎడారిలో పుట్టిన వస్తువు అన్నంత మాత్రాన ఉద్యోగానికి వెళ్లే బండికి సరిపోదు.

కొత్తబండి_తిరుపతి రాశారు:

నాదొక సందేహం. కాటన్ ఫిల్టర్ నూనె ఎగిరి సెన్సార్ మీద పడి పాడుచేస్తుందని ఒక వీడియోలో విన్నాను. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్6 (కొత్త పొగ నిబంధనల) బండ్లలో సెన్సార్లు ఉన్నాయి కదా, ఇది అన్నింటికన్నా పెద్ద ప్రమాదం కాదా?

దూరప్రయాణం_విశాఖ రాశారు:

ఈ మాట ప్రతి చర్చలో వస్తుంది, ప్రతిసారీ తప్పే. వీడియోలో చెప్పింది కార్లలో ఉండే మాఫ్ సెన్సార్ గురించి. వేడెక్కిన సన్నని తీగ మీదుగా గాలి వెళుతుంటే, తీగ ఎంత చల్లబడిందో చూసి గాలిని కొలుస్తుంది. దాని మీద నూనె పడితే కొలత తప్పుతుంది, నిజమే. మన మోటారు సైకిళ్లలో దాదాపు అన్నింటిలో ఉండేది మ్యాప్ సెన్సార్. అది థ్రాటిల్ (రేసు ఇస్తే తెరుచుకునే గాలి పలక) తర్వాతి పీడనాన్ని చూస్తుంది. తీగ లేదు, నూనె భయం లేదు. కాటన్ ఫిల్టర్‌ను వ్యతిరేకించండి, కానీ సరైన కారణంతో వ్యతిరేకించండి.

గాలి_లెక్క రాశారు:

ఈ విషయంలో విశాఖ గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను.

సికింద్రాబాద్_200 రాశారు:

నా అనుభవం కూడా రాయనివ్వండి, కొత్తగా ఆలోచించే పిల్లలకు పనికొస్తుంది. అసలు పెట్టెనే తీసేసి కార్బురేటర్ నోటికి శంకువు ఆకారపు ఫిల్టర్ పెట్టించాను. పాత బండి, సీవీ కార్బురేటర్. ఆ కార్బురేటర్‌లో గాలి దారిని తెరిచే స్లైడ్ పైకి లేవడానికి ఆధారం రెండు పీడనాల తేడా. పెట్టె తీసేసరికి ఆ తేడా చెదిరింది. సగం రేసు దగ్గర బండి దగ్గడం మొదలైంది, తగ్గించినప్పుడల్లా సైలెన్సర్ టపటప పేలింది. ప్లగ్ తీసి చూస్తే సుద్దలా తెల్లగా ఉంది. పెట్రోలు తక్కువై గాలి ఎక్కువై ఇంజన్ కాగిపోతోందన్నమాట. పెట్రోలు వదిలే మెయిన్ జెట్ పెద్దది వేయించాను, ఒక చోట సరిపోతే ఇంకో చోట తప్పింది. పైగా ఆ శంకువు ఇంజన్ పక్కనే ఉండి వేడి గాలి పీల్చేది. వానలో ఒకసారి ఆగిపోయింది.

ఆరు నెలలకు పాత పెట్టె వెతికి, పాత సామాన్ల దుకాణాలన్నీ తిరిగి తెచ్చి మళ్లీ బిగించాను. పెట్టెను కంపెనీ ఊరికే పెట్టలేదు. లోపలి గాలి కెరటాలను సర్దడానికి, శబ్దాన్ని అణచడానికి, చల్లని గాలి ఇవ్వడానికి కొలిచి చేసింది. పెట్టెలో సరిపోయే కాటన్ ఫిల్టర్ వేరు, ఇది వేరు. రెండింటినీ కలిపి మాట్లాడకండి.

పల్నాడు_350 రాశారు:

ఇంతమంది ఇంత శ్రద్ధగా రాస్తారనుకోలేదు. పేరుపేరునా కృతజ్ఞతలు. ఖమ్మం అన్న చెప్పిన తెల్లగుడ్డ పరీక్ష ఈ ఆదివారం చేశాను. ఫలితం నన్ను నిద్రపోనివ్వలేదు.

పక్క ప్యానెల్ తీసి, మూత విప్పి, ఫిల్టర్ బయటికి తీశాను. కాగితం ముందువైపు తెల్లగా, బూడిద రంగుగా ఉంది, అది సహజమే. వెనకవైపు శుభ్రంగానే ఉంది. కానీ రబ్బరు అంచు మీద ఒక వైపు, చిటికెన వేలు పొడవున, సన్నటి గోధుమ రంగు చార. ఆ చారకు ఎదురుగా పెట్టె గోడ మీద కూడా అలాంటి మరకే. గుడ్డ పెట్టి బూటులో తుడిస్తే ఒక పక్కనే మురికి వచ్చింది, చార ఉన్న పక్కనే.

నా ఫిల్టర్ కొత్తదే, కంపెనీదే. దుమ్ము కాగితంలోంచి రాలేదు, పక్క నుంచి వచ్చింది. మూత స్క్రూ ఒకటి మర చెడిపోయి సగంలోనే తిరుగుతోంది. ప్రతి సర్వీసులోనూ ఫిల్టర్ మార్చినవారు ఆ స్క్రూ బిగియడం లేదని ఒక్కసారీ చెప్పలేదు. ఎన్ని వేల కిలోమీటర్లు ఇలా నడిపానో!

బోరింగ్_ఖమ్మం రాశారు:

అన్నా, సమయానికి చూశారు. ఇంజన్ ఆయిల్ తాగుతోందా? లేకపోతే కంగారు పడకండి. ముందు ఆ మర సరిచేయించండి. రబ్బరు అంచు చుట్టూ మామూలు గ్రీజు సన్నగా రాయండి, పల్చని పొర చాలు. పెట్టె లోపల తడిగుడ్డతో తుడవండి. తుడిచేటప్పుడు బూటు నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కి ఉంచండి, పని అయ్యాక దాన్ని తీయడం మరవకండి. గాలి మాత్రం కొట్టకండి, అది దుమ్మును లోపలికే తోస్తుంది.

కొంచెం దుమ్ము పట్టిన కాగితం కొత్తదాని కన్నా బాగా వడకడుతుంది, ఎందుకంటే పట్టిన దుమ్మే ఇంకో జల్లెడ అవుతుంది. కాబట్టి రోజూ విప్పి చూడాలన్న ఆత్రం వద్దు. విప్పినప్పుడల్లా అంచు మళ్లీ కుదురుకోవాలి.

కువైట్_రాజంపేట రాశారు:

ఇక్కడ దుమ్ము తుఫాను వచ్చిందంటే పగలే దీపాలు వేసుకుంటాం. తుఫాను రోజు బండి తీయను, మర్నాడు పెట్టె విప్పి చూడకుండా తాళం తిప్పను. నేను కంపెనీ కాగితమే వాడుతూ, దాని ముందు పెట్టెలో గాలి వచ్చే మార్గానికి పలుచని ఫోమ్ ముక్క పెట్టాను. ముతక ఇసుక అక్కడే ఆగుతుంది, దాన్ని వారానికోసారి కడుగుతాను. ఖర్చు దాదాపు ఏమీ లేదు. పల్నాడు గారి సున్నానికి కూడా ఇది పనికొస్తుందనుకుంటాను. వేశాక బండి లాగడం తగ్గితే మాత్రం తీసేయండి.

దూరప్రయాణం_విశాఖ రాశారు:

నేను నా మాట మీద నిలబడటానికి ఒక పరీక్ష చేశాను. ఫలితం నాకు నచ్చినట్టు రాలేదు, అయినా రాస్తున్నాను.

మేస్త్రీలు గోడల మట్టం చూసే పారదర్శక గొట్టం తీసుకుని, యు ఆకారంలో ఒక చెక్కకు కట్టి, రంగు కలిపిన నీళ్లు పోశాను. ఒక కొనను ఎయిర్ బాక్సులో ఫిల్టర్‌కు ఇంజన్ వైపు చేసిన చిన్న రంధ్రానికి తగిలించాను. రెండో కొన బయటి గాలికి వదిలాను. ఇంజన్ ఫిల్టర్ గుండా ఎంత కష్టపడి పీలుస్తుందో అంత ఎత్తు నీళ్లు ఒక పక్కకు లేస్తాయి. ఒకే సిలిండర్ బండి కాబట్టి మొదట నీళ్లు ఎగిరెగిరి పడ్డాయి. గొట్టంలో దూది కుక్కాక నిలకడ వచ్చింది. ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో పూర్తి రేసు ఇచ్చి, వెనక కూర్చున్న తమ్ముడి చేత వీడియో తీయించాను.

దుమ్ముతో నిండిన పాత కాగితంతో నీళ్లు నాలుగు వేళ్ల ఎత్తు లేచాయి. కొత్త కంపెనీ కాగితంతో బాగా తక్కువ. నా కాటన్‌తో ఇంకొంచెం తక్కువ. కొత్త కాగితానికీ కాటన్‌కూ మధ్య తేడా ఒక వేలి మందం కూడా లేదు. సగం రేసు దగ్గర రెండింటికీ తేడా కంటికి ఆనలేదు.

మూడేళ్ల క్రితం నేను తీసింది ఎప్పుడో మార్చాల్సిన పాత కాగితం. దాని స్థానంలో కాటన్ వేసి, పికప్ వచ్చిందని సంతోషించాను. కొత్త కాగితం వేసినా అదే పికప్ వచ్చేది.

గాలి_లెక్క రాశారు:

విశాఖ గారూ, ఇలాంటి పరీక్ష చేసి, తనకు వ్యతిరేకంగా వచ్చినా పెట్టినవారిని నేను చాలా తక్కువగా చూశాను. మీకు నా నమస్కారం.

మీ వేలి మందాన్ని లెక్కలోకి మారుస్తాను. వాతావరణ పీడనం సుమారు 10 మీటర్ల నీటి ఎత్తుకు సమానం. వేలి మందం రెండు సెంటీమీటర్లు అనుకుంటే అది 500 వంతుల్లో ఒక వంతు. సుమారు 20 హార్స్‌పవర్ ఉన్న బండికి, పూర్తి రేసులో, 0.04 హార్స్‌పవర్. పూర్తి రేసు ఇవ్వనప్పుడు గాలికి అడ్డుగా నిలిచేది థ్రాటిల్ పలక, ఫిల్టర్ కాదు. ఆ పలకే సగం మూసి ఉండగా వెనక ఉన్న ఫిల్టర్ ఎంత పలుచగా ఉన్నా ఇంజనుకు తెలియదు. ఊళ్లో తిరిగే బండి రోజులో ఎంతసేపు పూర్తి రేసులో ఉంటుందో ఎవరికి వారే చూసుకోవచ్చు.

శబ్దం మారుతుంది, అది నిజం. గాలి పీల్చే చప్పుడు పెరిగితే బండి వేగంగా పోతున్నట్టు ఒంటికి అనిపిస్తుంది.

దూరప్రయాణం_విశాఖ రాశారు:

లెక్క ఒప్పుకుంటున్నాను. కానీ కాటన్ తీసేయడం లేదు. నేను తిరిగేది ఎక్కువగా ఘాట్ రోడ్ల తారు మీద, నూనె పట్టించడంలో అశ్రద్ధ చేయను, ఏటా మూడు ఫిల్టర్లు పారేయడం నా మనసుకు నచ్చదు. పికప్ కోసం అనే మాట మాత్రం ఇక ఎవరికీ చెప్పను. పల్నాడు గారి దారికి దాన్ని సిఫారసు చేసిన నా మొదటి మాటను వెనక్కి తీసుకుంటున్నాను.

ఆర్ఎక్స్100_వరంగల్ రాశారు:

విశాఖ గారు, ఒక మనవి. కడిగిన ద్రావణం, పాత నూనె కాలువలో పోయకండి. మా నాన్నగారు ఆ కిరోసిన్‌ను డబ్బాలో తేర్చి, పైది మళ్లీ వాడేవారు.

పల్నాడు_350 రాశారు:

నిన్న మర సరిచేయించాను. రంధ్రంలో కొత్త మర తిప్పి, ఒక సైజు పెద్ద స్క్రూ వేశారు. నూట యాభై రూపాయలు తీసుకున్నారు. కొత్త కంపెనీ ఫిల్టర్‌ను దీపం ముందు పెట్టి చూసుకుని, అంచుకు గ్రీజు రాసి, నేనే కూర్చోబెట్టాను. మూత నాలుగు వైపులా ఒకేలా దిగిందో లేదో వేలు పెట్టి తడిమి చూశాను. బూటు లోపల గుడ్డతో తెల్లబడేదాకా తుడిచాను. ఆయిల్ మట్టం ఇంజన్ మీది చిన్న అద్దపు కిటికీలో చూశాను, పోయిన సర్వీసు నుంచి పెద్దగా దిగలేదు. కువైట్ గారు చెప్పిన ఫోమ్ ముక్క ఇంకా వేయలేదు, ముందు ఇది ఒక్కటే మార్చి చూడాలనుకున్నాను.

నాలుగు వేల కిలోమీటర్లు తిరిగాక, అంటే సంక్రాంతి లోపు, మళ్లీ తెల్లగుడ్డ పెట్టి ఫొటో ఇక్కడే పెడతాను. మురికిగా వచ్చినా దాచను.

దూరప్రయాణం_విశాఖ రాశారు:

నేనూ నా బూటులో అదే రకం గుడ్డతో తుడిచి అప్పుడే పెడతాను. ఇప్పటిదాకా ఒక్కసారీ విప్పి చూడలేదు. రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి ఖమ్మం పెద్దాయననే చూడమందాం.